డయాలసిస్‌కూ డయాలసిస్‌కూ మధ్య: కిడ్నీ రోగిని ఇంట్లో చూసుకోవడం ఎలా?

వారానికి మూడు రోజులు, రోజుకు నాలుగు గంటల చొప్పున డయాలసిస్ (పనిచేయని కిడ్నీలకు బదులు యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడం) చేయించుకునే మనిషికి వారంలోని 168 గంటల్లో యంత్రం సాయం దొరికేది 12 గంటలే. మిగిలిన 156 గంటల్లో తాగిన నీరు, తిన్న ఉప్పు, పండ్లలోని పొటాషియం అన్నీ ఒంట్లోనే పోగుపడుతూ ఉంటాయి. వారానికి రెండుసార్లే చేయించుకునేవారికి ఆ వ్యవధి ఇంకా పెరుగుతుంది. డయాలసిస్ విభాగంలో నర్సుగా పనిచేసిన ఏళ్లలో నేను గమనించినది ఒకటే: ఒకే యంత్రం మీద, ఒకే మందులు వాడుతున్న ఇద్దరిలో ఒకరు నడిచి వచ్చి నడిచి వెళ్తారు, ఇంకొకరు ప్రతి రెండు వారాలకూ ఆయాసంతో అత్యవసర విభాగానికి చేరుతారు. ఆ తేడా చాలావరకు ఇంట్లో జరిగే సంరక్షణలోనే ఉంటుంది. ఆ సంరక్షణ ఎలా చేయాలో, ఏది ముందు చూడాలో, ఏది ఎప్పుడు ఆసుపత్రికి చెప్పాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను. ఇందులోని కొలతలు సాధారణంగా పాటించేవి. మీ ఇంట్లోని రోగికి నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) వేరే అంకె చెప్పి ఉంటే ఆ అంకెనే పాటించాలి.

ముందుగా ఒక నోటు పుస్తకం, ఒక తూకం యంత్రం

సంరక్షణ మొదలుపెట్టేటప్పుడు కొనవలసినవి మూడే: బరువు చూసే డిజిటల్ తూకం, చేతికి పట్టీ కట్టి బీపీ చూసే యంత్రం, 200 పేజీల నోటు పుస్తకం. పుస్తకం మొదటి పేజీలో రోగి డ్రై వెయిట్ పెద్ద అక్షరాలతో రాయండి. ఒంట్లో అదనపు నీరు లేకుండా, కాళ్ల వాపు గానీ ఆయాసం గానీ లేకుండా, బీపీ అదుపులో ఉన్నప్పటి బరువును డ్రై వెయిట్ అంటారు. డయాలసిస్‌లో ఎంత నీరు తీయాలో టెక్నీషియన్ లెక్క కట్టేది దాన్నిబట్టే. ఇది శాశ్వతమైన అంకె కాదు. రోగి నాలుగు ముద్దలు ఎక్కువ తిని ఒళ్లు చేస్తే డ్రై వెయిట్ పెంచాలి, జబ్బుపడి చిక్కిపోతే తగ్గించాలి. చిక్కిపోయిన మనిషికి పాత అంకెనే కొనసాగిస్తే తూకం సరిగ్గానే కనిపిస్తుంది గానీ, తగ్గిన కండ స్థానంలో నీరు చేరి ఉంటుంది. అందువల్ల నెలకోసారైనా 'డ్రై వెయిట్ మార్చాలా?' అని డాక్టరును మీరే అడగండి.

ప్రతిరోజూ ఉదయం మూత్ర, మల విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, దాదాపు ఒకే బరువుండే బట్టలతో, గచ్చు మీద ఒకేచోట పెట్టిన తూకం మీద బరువు చూడాలి. తూకాన్ని చాప మీద గానీ తివాచీ మీద గానీ పెడితే అంకె తప్పుతుంది. ఒక్క రాత్రిలో కిలో కండ ఎవరికీ రాదు కాబట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ కిలో పెరిగితే లీటరు నీరు చేరిందని అర్థం. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు డ్రై వెయిట్‌లో నాలుగు శాతానికి లోపుగా ఉంచాలన్నది మంచి లక్ష్యం, అంటే 50 కిలోల మనిషికి రెండు కిలోలు. అంతకు మించి నాలుగైదు కిలోలు పెంచుకుని వస్తే ఆ నీటినంతా నాలుగు గంటల్లో లాగవలసి వస్తుంది. అప్పుడే బీపీ పడిపోవడం, పిక్కలు పట్టేయడం, వాంతులు మొదలవుతాయి. 'డయాలసిస్ పడటం లేదు' అని ఇంట్లోవాళ్లు చెప్పే మాట వెనుక చాలాసార్లు ఈ తూకమే ఉంటుంది.

బరువు పక్కనే ఉదయం, సాయంత్రం బీపీ, రోజు మొత్తం మీద పోసిన మూత్రం కొలత, మధుమేహం ఉంటే షుగర్ అంకెలు రాయండి. మూత్రం కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ జగ్గు చాలు. రోజూ కొలవలేకపోతే వారానికి ఒక రోజు, ఉదయం నుంచి మర్నాటి ఉదయం దాకా పట్టి చూడండి.

ఫిస్టులా చేతిని కాపాడటం

ఫిస్టులా అంటే డయాలసిస్ యంత్రానికి రక్తం పంపడానికి చేతిలోని ధమనిని, సిరను ఆపరేషన్‌తో కలిపి చేసిన దారి. ధమని రక్తం నేరుగా సిరలోకి రావడంతో ఆ సిర కొన్ని వారాల్లో లావై, గోడ గట్టిపడి, వారానికి ఆరు సూదులు గుచ్చినా తట్టుకునే స్థితికి వస్తుంది. సాధారణంగా రోగి పని తక్కువ చేసే చేతికి, అంటే చాలామందికి ఎడమ చేతికి, దీన్ని పెడతారు. మనిషికి ఫిస్టులా పెట్టగల చోట్లు కొన్నే ఉంటాయి. ఒకటి మూసుకుపోతే మళ్లీ ఆపరేషన్, ఆ చోటు సిద్ధమయ్యేదాకా డయాలసిస్ కోసం మెడలో గొట్టం, ఆ గొట్టంతో ఇన్‌ఫెక్షన్ భయం తప్పవు. అందుకే డయాలసిస్ సంరక్షణలో దేన్ని మరిచినా ఈ చేతిని మరవకూడదని మా విభాగంలో కొత్తగా చేరిన సిస్టర్లకు మొదటి రోజే చెప్పేవాళ్లం.

రోజూ లేవగానే ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆపరేషన్ మచ్చ మీద మూడు వేళ్లు తేలికగా ఆనించండి. వేళ్ల కింద పిల్లి గురగురలాడినట్టు సన్నని కంపనం తెలియాలి. దీన్ని థ్రిల్ అంటారు. వేళ్లు నొక్కిపెడితే అది తెలియదు, ఊరికే ఆనించాలి. చెవి దగ్గర పెట్టుకుంటే జుమ్మని ఆగకుండా శబ్దం వినిపిస్తుంది. ఈ కంపనం రోగికీ, ఇంట్లో కనీసం మరొకరికీ వేలికొసల మీద గుర్తుండాలి. ఎందుకంటే మీరు పట్టుకోవలసింది మార్పును. నిన్నటిదాకా గురగురలాడిన చోట నాడి కొట్టుకున్నట్టు టక్‌టక్‌మని మాత్రమే తెలుస్తున్నా, కంపనం బాగా పలచబడినా, అసలు లేకపోయినా, తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగకుండా అదే పూట ఆసుపత్రికి ఫోన్ చేయాలి. గడ్డకట్టిన ఫిస్టులాను తొలి గంటల్లో తెరిచే అవకాశం ఎక్కువ. రోజులు గడిచాక వచ్చినవారికి మళ్లీ ఆపరేషన్ తప్ప దారి ఉండదు. బీపీ బాగా పడిపోయిన రోజున, విరేచనాలు పట్టుకున్న రోజున ఫిస్టులా మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో రెండుకు బదులు నాలుగైదుసార్లు చూడండి.

ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తపరీక్షకు సూది గుచ్చకూడదు, సెలైన్ పెట్టకూడదు. బిగుతు గాజులు, వాచీ, బిగించి కట్టే తాయెత్తు తాడు, బిగుతు జాకెట్టు చేతులు వద్దు. ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకోకూడదు, నీళ్ల బిందె ఆ చేత్తో ఎత్తకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో, ల్యాబ్‌కో వెళ్లినప్పుడు రోగి మొహమాటపడి చెయ్యి చాపేస్తారు. పక్కనున్న మీరే 'ఆ చెయ్యి కాదండీ' అనాలి. ఇంకొక సంగతి చాలామంది చెప్పరు: రెండో చేతిలో ముంజేతి సిరలు కూడా రేపటి ఫిస్టులాకు పనికివచ్చేవే కనుక, రక్తం తీయవలసి వచ్చినప్పుడు అరచేతి వెనుక సిరలోంచి తీయమని అడగండి.

డయాలసిస్ అయి ఇంటికి వచ్చాక సూది గుచ్చిన చోట నుంచి రక్తం కారడం మొదలైతే కంగారులో చీరకొంగో తువ్వాలో చుట్టేస్తారు. గుడ్డ ఎంత మందంగా చుడితే కింద ఎంత కారుతోందో అంత కనిపించదు. అలా కాకుండా శుభ్రమైన గాజుగుడ్డ మడిచి, సరిగ్గా రంధ్రం మీద రెండు వేళ్లతో నొక్కిపట్టి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. మధ్యలో ఎత్తి చూడకుండా 15 నిమిషాలు గడియారం చూసి పట్టుకోండి. అప్పటికీ ఆగకపోయినా, చిమ్మినట్టు వచ్చినా, వేళ్లు తీయకుండానే 108కు ఫోన్ చేయించండి. ఫిస్టులా మీది చర్మం పలచబడి మెరుస్తున్నా, అక్కడ పుండు పడి చెక్కు కడుతున్నా అది కారకముందే చూపించాలి. అది పగిలితే నిమిషాల్లో ప్రాణం మీదికి వస్తుంది.

మెడలో గొట్టం ఉన్నవారి విషయంలో ఒకటే సూత్రం: దాన్ని డయాలసిస్ సిబ్బంది తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. కట్టు తడవకూడదు కాబట్టి తలస్నానం రోగిని వెనక్కి వాల్చి మీరే చేయించాలి, ఒంటికి తడిగుడ్డతో తుడవాలి. కట్టు తడిసినా, ఊడినా ఇంట్లో ప్లాస్టరు అంటించి ఊరుకోకుండా ఆసుపత్రిలో మార్పించండి. గొట్టం మూత ఊడితే, గొట్టాన్ని నొక్కి మూసే క్లాంపు బిగించి ఉందో లేదో చూసి వెంటనే బయలుదేరండి. చలితో వణుకు పుట్టి జ్వరం వస్తే, ముఖ్యంగా డయాలసిస్ జరుగుతుండగా గానీ అయిన కాసేపటికి గానీ వస్తే, అది మలేరియా అనో వాతావరణం అనో పారాసెటమాల్ వేసి తెల్లవారేదాకా ఆగవద్దు. గొట్టం ద్వారా సూక్ష్మక్రిములు నేరుగా రక్తంలోకి చేరి ఉండవచ్చు.

నీళ్ల లెక్క ఉప్పుతో మొదలవుతుంది

రోజుకు ఎంత నీరు తాగవచ్చో చెప్పడానికి వాడే మామూలు లెక్క ఇది: ముందురోజు పోసిన మూత్రం ఎంతో అంత, దానికి అదనంగా 500 మిల్లీలీటర్లు. మూత్రం 300 వస్తే 800, అసలు రాకపోతే అర లీటరుకు కాస్త అటూఇటూగా అన్నమాట. ఇందులో కాఫీ, మజ్జిగ, చారు, పులుసు, గంజి, అంబలి, మందులు మింగే నీళ్లు, ఐసు ముక్కలు అన్నీ కలుస్తాయి. పొద్దున్నే ఆ కొలత నీటిని ఒక సీసాలో పోసి రోగి మంచం పక్కన పెట్టండి. ఏది తాగినా అంత కొలత సీసాలోంచి తీసి వేరే పాత్రలో పోయండి. సాయంత్రం ఐదింటికి సీసాలో ఎంత మిగిలిందో రోగికే కనిపిస్తుంది, మీరు పోలీసులా కాపలా కాయనక్కరలేదు. పెద్ద గ్లాసు తీసేసి చిన్న గ్లాసు వాడండి. మందులన్నీ వీలైనంతవరకు భోజనంతోనే వేయిస్తే మాత్రల కోసం తాగే నీళ్లు మిగులుతాయి.

అయితే దాహం తీరని మనిషిని మాటలతో ఆపలేం. దాహాన్ని పుట్టించేది ఉప్పు. ఆవకాయతో అన్నం తినిపించి నీళ్లు తాగవద్దని చెప్పడం న్యాయం కాదు, సాధ్యమూ కాదు. రోజు మొత్తానికి ఉప్పు ఐదు గ్రాములకు మించకూడదు, అంటే తలకొట్టిన ఒక టీ చెంచా. అందులో కొంత సహజంగా పదార్థాల్లోనే ఉంటుంది కాబట్టి పైన వేసేది అర చెంచా అనుకోండి. ఆచరణలో తేలికైన పద్ధతి ఏమిటంటే, కూర సగం ఉడికాక ఉప్పు వేయకముందే రోగి వాటా వేరే గిన్నెలోకి తీసి, పొద్దున్నే ఒక చిన్న డబ్బాలో పెట్టిన అర చెంచా ఉప్పులోంచి కొద్దికొద్దిగా ఆ పూట కంచంలో చల్లడం. పైపైన చల్లిన ఉప్పు నాలుకకు ముందుగా తగులుతుంది కనుక తక్కువ వేసినా రుచి తెలుస్తుంది. పులుపు కోసం చింతపండుకు బదులు నిమ్మరసం, ఘాటుకు మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, అల్లం, కొత్తిమీర వాడండి. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఉప్పు చేప, చిప్స్, బేకరీ సరుకు, మసాలా పొట్లాలు మానిపించాలి. వంటసోడా కూడా ఉప్పు లెక్కలోకే వస్తుంది. 'తక్కువ సోడియం' అని రాసి అమ్మే ఉప్పు మంచిదనుకుని కొనేవారున్నారు. అందులో సోడియం తగ్గించి పెట్టేది పొటాషియమే కాబట్టి ఈ రోగులకు అది మామూలు ఉప్పు కంటే ప్రమాదకరం.

మధుమేహం ఉన్నవారిలో షుగర్ పెరిగితే కూడా దాహం వేస్తుంది. నోరు ఎండిపోతుంటే నీళ్లు పుక్కిలించి ఉమ్మడం, నిమ్మచెక్క నాలుకకు తాకించడం, ఒక లవంగం బుగ్గన పెట్టుకోవడం పనిచేస్తాయి.

వంటింట్లో: పొటాషియం, మాంసకృత్తులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను పట్టుకుందని అందరికీ తెలిసిందే. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ నేల పేరు చెబితే గుర్తొచ్చేవి కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు. పెరట్లో చెట్టునున్న బోండం, ఇంట్లో డబ్బాలో ఉన్న జీడిపప్పు, రెండూ డయాలసిస్ రోగికి పనికిరానివే కావడం ఆ ఇళ్లలో పెద్ద చిక్కు. ఒక్క బోండం నీళ్లలో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. మామూలు మనిషి కిడ్నీలు దాన్ని గంటల్లో బయటికి పంపేస్తాయి, ఈ రోగికి అది రక్తంలోనే నిలిచి గుండె లయను తప్పిస్తుంది. పరామర్శకు వచ్చేవాళ్లు మన దగ్గర తెచ్చేవి బత్తాయిలు, అరటిపండ్లు, బోండాలే. వాళ్లను చిన్నబుచ్చకుండా పుచ్చుకుని ఇంట్లో పిల్లలకు పెట్టండి, రోగి మంచం పక్కన మాత్రం ఉంచకండి.

అరటి, బత్తాయి, కమలా, సపోటా, మామిడి, ఖర్జూరం, ఎండు ద్రాక్ష వద్దు. యాపిల్, బేరి, అనాస వంటివి రోజుకు ఒక చిన్న కప్పు ముక్కలు సరిపోతాయి. స్టార్ ఫ్రూట్ అనే నక్షత్రాకారపు పండు ముక్క కూడా పెట్టకూడదు, అందులోని విషపదార్థం కిడ్నీ రోగుల్లో మూర్ఛలు తెప్పిస్తుంది. బెల్లంలో పంచదార కంటే పొటాషియం చాలా ఎక్కువ. కూరల్లో సొర, బీర, దొండ, క్యాబేజీ నయం. ఆలుగడ్డ, కంద, చామ, పాలకూర, మునగాకు, టమాటా ఎక్కువ పొటాషియం ఉన్నవి. వీటిని ఎప్పుడైనా వండవలసి వస్తే చెక్కు తీసి, చిన్న ముక్కలు కోసి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి. తర్వాత ముక్కలు మునిగి తేలేటన్ని కొత్త నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ వంచేసి, అప్పుడు పోపు పెట్టండి. కుక్కర్లో కొద్ది నీళ్లతో ఉడికించి ఆ నీళ్లు కూరలోనే ఇగిరిస్తే పొటాషియం ఎక్కడికీ పోదు. వంచిన నీటిని 'సారం' అని చారులో కలపవద్దు. మన వంటల్లో ఆ అలవాటు లోతుగా ఉంది కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇక అన్నిటికంటే ఎక్కువగా చూసిన పొరపాటు పథ్యం గురించినది. డయాలసిస్ మొదలుకాకముందు డాక్టరు మాంసకృత్తులు తగ్గించమని చెప్పి ఉంటారు, అది అప్పటికి సరైనదే. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. ప్రతిసారీ రక్తంతో పాటు కొంత మాంసకృత్తుల సారం కూడా యంత్రంలోకి పోతుంది కనుక, రోజుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. పాత పథ్యాన్నే నమ్ముకుని చప్పిడి అన్నం, చారు పెడుతూ పోయిన ఇళ్లలో రోగి ఆరు నెలల్లో భుజాల కండలు కరిగి, పుండు మానక, జ్వరం వస్తే కోలుకోలేక పోవడం నేను చాలాసార్లు చూశాను. గుడ్డు తెల్లసొన అన్నిటికంటే మంచిది, ఒక్కోదానిలో మూడున్నర గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ఫాస్ఫరస్ బహు తక్కువ. రోజుకు రెండు మూడు పెట్టవచ్చు. ఉప్పు పట్టించని తాజా చేప, చర్మం తీసిన కోడిమాంసం మంచివే, ఎముకల సూపు కాదు. శాకాహారులకు పనీర్, పెరుగు, పప్పు ఎంత పెట్టాలన్నది వారి పొటాషియం, ఫాస్ఫరస్ అంకెలు చూసి డైటీషియన్ నిర్ణయించాలి. అదనంగా పొడి అవసరమైతే డయాలసిస్ రోగుల కోసం తయారైనదే వాడాలి, మందుల షాపులో దొరికే మామూలు బలం పొడి కాదు.

మందుల వేళలు

ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మాత్రలు, అంటే కాల్షియం ఎసిటేట్, సెవెలమెర్ వంటివి, భోజనం మధ్యలో పడితేనే పనిచేస్తాయి. అవి అన్నంలోని ఫాస్ఫరస్‌ను పేగుల్లోనే పట్టుకోవాలి కనుక పరగడుపున వేసినా, తిన్న గంటకు వేసినా దండగ. ఫాస్ఫరస్ పెరిగి వచ్చే ఒంటి దురద తగ్గలేదని వచ్చిన రోగుల్లో కొందరికి మందు మార్చవలసిన పని లేకుండా వేసుకునే వేళ మారిస్తే సరిపోయేది. దురదకు గోరువెచ్చని నీటి స్నానం, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయడం, గోళ్లు కత్తిరించి ఉంచడం కూడా ఉపయోగపడతాయి.

రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపాయిటిన్ ఇంజక్షన్ ఇంట్లో ఉంచవలసి వస్తే ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టకూడదు, వాడే ముందు గట్టిగా కుదపకూడదు. ఊరి నుంచి బస్సులో తెచ్చేటప్పుడు ఐసు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి. కిడ్నీ మార్పిడి ఆలోచన ఉన్నవారికి ఈ ఇంజక్షన్ క్రమం తప్పకుండా ఇవ్వడం మరీ ముఖ్యం. అది తప్పితే రక్తం ఎక్కించవలసి రావచ్చు, ఎక్కించిన ప్రతిసారీ శరీరంలో యాంటీబాడీలు పుట్టి, రేపు సరిపోలే కిడ్నీ దొరకడాన్ని కష్టం చేయవచ్చు.

బీపీ మాత్రలు డయాలసిస్ రోజు ఉదయం వేయాలా, తర్వాత వేయాలా అన్నది డాక్టరును అడిగి నోటు పుస్తకంలో రాసుకోండి. కొందరికి ఉదయం వేస్తే యంత్రం మీద బీపీ పడిపోతుంది. మధుమేహం ఉన్నవారిలో కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, కాబట్టి పాత మోతాదే షుగర్‌ను ప్రమాదకరంగా పడగొట్టవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. పండ్ల రసం వద్దు, అందులో పొటాషియం ఉంది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటివి షాపులో అడిగి కొనవద్దు. కాస్తో కూస్తో మిగిలిన మూత్రాన్ని కూడా అవి పోగొడతాయి. పారాసెటమాల్ డాక్టరు చెప్పిన మోతాదులో వాడవచ్చు. భస్మాలు, పసర్లు, కిడ్నీలను తిరిగి పనిచేయిస్తామనే పొడులు వద్దు. విరేచనాలైతే ఓఆర్ఎస్ కూడా అడగకుండా ఇవ్వకూడదు. మలబద్ధకాన్ని చిన్న విషయంగా తీసేయవద్దు, పొటాషియం కొంత బయటికి పోయే దారి ఇప్పుడు పేగులే. హెపటైటిస్-బి టీకా పూర్తయిందో లేదో, ఏటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా ఎప్పుడు వేయాలో అడిగి తెలుసుకోండి.

డయాలసిస్ రోజు, ఆ తర్వాత రోజు

బయలుదేరే ముందు తేలికగా తినిపించండి. కడుపునిండా తిని యంత్రం మీద పడుకుంటే రక్తం పేగుల వైపు మళ్లి బీపీ పడిపోతుంది. ఏసీ గదిలో, ఒంట్లోని రక్తం బయట గొట్టాల్లో తిరుగుతుంటే చలి వేస్తుంది కాబట్టి దుప్పటి పట్టుకెళ్లండి. అయితే ఫిస్టులా చెయ్యి, గొట్టం దుప్పటి కింద దాగకూడదు. సూది జారినా ఎవరికీ కనిపించని పరిస్థితి అది. అయిపోయాక వెంటనే లేపకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి అప్పుడు నడిపించండి. ఆ రోజు నీరసం సహజం. మర్నాడు మాత్రం నాలుగు అడుగులు నడిపించాలి, వాకిట్లో మొక్కలకు నీళ్లు పోయడమైనా సరే. రోజంతా మంచంలో ఉంచడం సంరక్షణ కాదు. మధుమేహం ఉంటే రోజూ సాయంత్రం వెలుతురులో పాదాల అడుగున, వేళ్ల సందుల్లో చూడండి. కాపడం పెట్టకండి, స్పర్శ తగ్గిన పాదం కాలినా తెలియదు.

వారంలో రెండు రోజుల ఎడం వచ్చే చోట, అంటే సోమ, బుధ, శుక్రవారాల వారికి శని, ఆదివారాలు, మంగళ, గురు, శనివారాల వారికి ఆది, సోమవారాలు, అన్నిటికంటే జాగ్రత్తగా ఉండవలసిన సమయం. పెళ్లిళ్లు, పండుగ భోజనాలు సరిగ్గా ఆ రోజుల్లోనే తగులుతాయి. సంక్రాంతికి ఊరు వెళ్లాలనుకుంటే అక్కడి కేంద్రంలో బెడ్ ముందే అడిగి, తాజా రక్తపరీక్షలు, డ్రై వెయిట్, మందుల చీటీ పంపించండి. ఏ కారణంతోనైనా ఒక డయాలసిస్ తప్పితే మర్నాడే వేయించడానికి ప్రయత్నించి, ఈలోగా నీళ్లు, పండ్లు సగానికి తగ్గించండి.

ఖర్చు సంగతి క్లుప్తంగా: ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద అర్హులకు డయాలసిస్ ఉచితం. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లోనూ కేంద్రాలున్నాయి. మరణానంతర అవయవదానం ద్వారా కిడ్నీ కోసం రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. రోగి వయసు, గుండె స్థితి సహకరిస్తే ఈ నమోదును వాయిదా వేయవద్దు.

చూసుకునే మనిషి ఒక్కరే అయితే ఆ ఒక్కరూ ఏడాదిలో కుంగిపోతారు. వారానికి ఒక డయాలసిస్‌కైనా వేరే కుటుంబ సభ్యుడు వెళ్లేలా మొదటి నెలలోనే ఏర్పాటు చేసుకోండి. రోగి తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడక, 'ఇక డయాలసిస్ వద్దు' అంటుంటే గదమాయించకుండా కారణం వినండి, డాక్టరుకు చెప్పండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. మీకోసం కూడా చేయవచ్చు.

ఎప్పుడు ఆగకూడదు

పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నారంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని అర్థం. వెనుక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, కాళ్లు మంచం కిందికి వేలాడదీసి, నోటికి నీళ్లు ఇవ్వకుండా బయలుదేరండి. కాళ్లు బరువెక్కి లేవలేకపోవడం, ఒళ్లంతా సత్తువ పోవడం, గుండె లయ తప్పినట్టుండటం, నాడి బాగా నెమ్మదించడం పొటాషియం పెరిగినదానికి గుర్తు కావచ్చు. అది కొన్నిసార్లు ఏ నొప్పీ లేకుండా, 'కాళ్లలో బలం లేదు' అన్న ఒక్క మాటతోనే మొదలవుతుంది. ఛాతీ నొప్పి, మూర్ఛ, మాట పోవడం, వణుకుతో జ్వరం, ఆగని రక్తం కూడా ఈ కోవలోవే.

108కు ఫోన్ చేసినప్పుడు చిరునామా చెప్పగానే 'డయాలసిస్ పేషెంటు' అని చెప్పండి. చివరి డయాలసిస్ ఏ రోజు అయిందో, ఇవాళ్టి బరువు డ్రై వెయిట్ కంటే ఎంత ఎక్కువుందో, ఫిస్టులా ఏ చేతికి ఉందో అంబులెన్సు సిబ్బందికీ, క్యాజువాలిటీ డాక్టరుకూ మీరే ముందుగా చెప్పాలి. ఆ హడావిడిలో సెలైన్ పెట్టబోయేవారికి ఈ మూడు మాటలు వినబడకపోతే లీటరు నీరు అదనంగా ఎక్కిపోతుంది. వాళ్ల చేతికి నోటు పుస్తకం ఇచ్చి, ఫిస్టులా ఉన్న చేతిని మీ చేత్తో పట్టుకుని ఉండండి.